ఫ్రోజెన్ సెక్షన్లు: కండరంలో చిల్లులు, లివర్‌లో పగుళ్లు, మసకబారిన న్యూక్లియస్‌లు. తప్పు ఎక్కడ?

క్రయో_కొత్త

అందరికీ నమస్కారం. మా ల్యాబులో మౌస్ టిష్యూలు మూడు రకాలు గడ్డకట్టించి, మైక్రోస్కోప్ కింద చూడ్డానికి పల్చటి సెక్షన్లుగా కోస్తున్నాం: టిబియాలిస్ యాంటీరియర్ (కాలి ముందువైపు) కండరం, లివర్, మెదడు. కండరం, లివర్ ఫిక్స్ చెయ్యనివి (రసాయనంతో స్థిరపరచనివి). మెదడు మాత్రం 4 శాతం పీఎఫ్‌ఏ (పారాఫార్మాల్డిహైడ్)తో పర్‌ఫ్యూజ్ చేసి, అంటే రక్తనాళాల్లోంచి ఎక్కించి, రాత్రంతా అదే పీఎఫ్‌ఏలో ఉంచి, మర్నాడు ఓసీటీలో (గడ్డకట్టి టిష్యూని పట్టి ఉంచే జిగురులో) పెట్టినది.

పద్ధతి ఇదీ. ప్లాస్టిక్ మౌల్డులో ఓసీటీ పోసి, టిష్యూ ముంచి, మౌల్డుని నేరుగా లిక్విడ్ నైట్రోజన్‌లోకి దించుతాం. బ్లాకులు మామూలు మైనస్ 20 ఫ్రీజర్‌లో వారం దాకా ఉంటాయి. క్రయోస్టాట్ (చల్లటి పెట్టెలో సెక్షన్లు కోసే మిషన్) చాంబర్ మూడింటికీ మైనస్ 25. మందం 8 మైక్రాన్లు. సెక్షన్లని చార్జ్‌డ్ స్లైడు (టిష్యూ అంటుకునేలా పూత ఉన్నది) మీదికి ఎక్కించి, రాత్రంతా బల్ల మీదే ఆరనిచ్చి, పొద్దున హెచ్ అండ్ ఈ (హిమటాక్సిలిన్, ఈయోసిన్ రంగులు).

వస్తున్న ఇబ్బందులు:

కండరంలో దాదాపు ప్రతి ఫైబరులోనూ తెల్లటి చిల్లులు, నడిమధ్యలో మరీ ఎక్కువ. లివర్ బ్లేడుకి తగలగానే అప్పడంలా విరిగి పొడైపోతోంది. మెదడు బ్లాకులు కొన్ని కొయ్యకముందే పగిలి ఉంటున్నాయి, కోసినవి చుట్టుకుపోతున్నాయి. హెచ్ అండ్ ఈలో న్యూక్లియస్‌లు ఉబ్బి మసకగా ఉన్నాయి, టిష్యూ చుట్టూ లేత నీలం పొర కూడా.

ముందుముందు కండరంలో లామినిన్ (ఫైబరు చుట్టూ ఉండే ప్రోటీన్) ఇమ్యునోఫ్లోరసెన్స్, అంటే మెరిసే యాంటీబాడీలతో చూడ్డం, లివర్‌లో ఆయిల్ రెడ్ ఓ (కొవ్వుకి పట్టే రంగు) చెయ్యాలి. బ్లేడు మార్చి చూశాం, తేడా లేదు. మిషన్ సర్వీసుకి పిలవాలా?

---

బ్లేడు_బ్రష్

సర్వీసు వాళ్లని ఇప్పుడే పిలవకండి. మీరు చెప్పినవాటిలో మిషన్ మీదకి నెట్టదగ్గది ఒక్క చాంబర్ టెంపరేచరే, అది కూడా మీరు పెట్టిందే. మిగతావన్నీ టిష్యూ క్రయోస్టాట్ దగ్గరికి రాకముందో, స్లైడు మీదికెక్కిన తర్వాతో జరిగినవి. గడ్డకట్టేటప్పుడు చెడిపోయిన కండరాన్ని ఏ బ్లేడూ బాగుచెయ్యలేదు.

ముందు చిల్లుల సంగతి. కండరంలో మూడొంతులు నీళ్లే. అది నెమ్మదిగా గడ్డకడితే మంచు స్ఫటికాలు పెద్దవై ఫైబరు లోపలే గుంటలు చేస్తాయి. వేగంగా కడితే స్ఫటికాలు మైక్రోస్కోప్ కింద కనపడనంత చిన్నగా ఉండిపోతాయి. నైట్రోజన్ మైనస్ 196 కదా, అంతకంటే వేగం ఏముంటుంది అనిపిస్తుంది. కానీ వెచ్చటి వస్తువు దిగగానే దాని చుట్టూ నైట్రోజన్ మరిగి ఆవిరి పొర ఏర్పడుతుంది, ఆ పొర చలిని లోపలికి పోనివ్వదు. పైగా మీరు ప్లాస్టిక్ గోడ, ఓసీటీ పొర కూడా అడ్డం పెట్టారు. మధ్యభాగం చివరికి గడ్డకడుతుంది కాబట్టి అక్కడే చిల్లులెక్కువ. మీ లక్షణం దీనికి సరిగ్గా సరిపోయింది.

చిల్లులు ఎక్కడున్నాయో చూస్తే కారణం దొరుకుతుంది. మధ్యలో ఎక్కువైతే ముక్క లావైంది, లేదా చల్లదనం చాల్లేదు. అంచుల్లోనే ఉంటే ముక్క పైన తడి ఉంది. చక్‌కి (బ్లాకుని మిషన్‌లో పట్టి ఉంచే లోహపు బిళ్లకి) అతికించిన వైపే ఉంటే అతికించేటప్పుడు కరిగి మళ్లీ గడ్డకట్టింది. అన్ని బ్లాకుల్లోనూ, అంతటా ఒకేలా ఉంటే నిల్వలో తేడా వచ్చింది.

కండరానికి నైట్రోజన్‌తో చల్లబరచిన ఐసోపెంటేన్ తప్పదు; ఈ ద్రవం ముక్క చుట్టూ అలా మరిగి ఆవిరి పొర కట్టదు. ఇలా చెయ్యండి:

150 మి.లీ. దాకా ఐసోపెంటేన్ స్టీలు గ్లాసులో పోసి, పట్టకారుతోనో తీగతోనో పట్టుకుని నైట్రోజన్‌లో సగం మునిగేలా వేలాడదీయండి. లోహపు గ్లాసే కావాలి, గాజు బీకరు పగలొచ్చు. పొడుగాటి స్పూనుతో తిప్పుతూ ఉండండి. కాసేపటికి గ్లాసు అడుగున, గోడలకి తెల్లగా గడ్డకట్టడం మొదలవుతుంది. ఐసోపెంటేన్ మైనస్ 160 దగ్గర గడ్డకడుతుంది కాబట్టి అడుగున తెల్లటి పొర, పైన ఇంకా ద్రవం ఉన్నప్పుడు సరైన చోట ఉన్నట్టు. థర్మామీటరు లేకున్నా ఈ గుర్తు చాలు. మొత్తం గడ్డకడితే గ్లాసు పైకి తీసి కొంచెం కరగనివ్వండి.

ఈలోగా కండరం సిద్ధం చెయ్యాలి. సెలైన్‌లో ముంచి ఉంచకండి. సెలైన్‌తో తడిపి గట్టిగా పిండేసిన గాజుగుడ్డలో చుట్టి ఐస్ మీద పెట్టండి, చాలు. గడ్డకట్టించేముందు ఫిల్టరు పేపరుతో అద్ది పైతడి తీసెయ్యండి. మందం అర సెంటీమీటరు దాటకూడదు. చిన్న కార్క్ ముక్క మీద చిక్కటి ట్రాగకాంత్ జిగురు, అది లేకపోతే ఓసీటీ, శనగగింజంత పెట్టి, కండరం కింది కొస మాత్రమే అందులో దిగేలా నిలబెట్టండి. ఫైబర్లు కార్క్‌కి నిటారుగా ఉంటేనే అడ్డకోత సరిగ్గా వస్తుంది. కండరం పైభాగం బయటే ఉండాలి. ఓసీటీలో పూర్తిగా ముంచితే గడ్డకట్టే వేగం పడిపోతుంది.

కార్క్‌ని ఫోర్సెప్స్‌తో పట్టుకుని తలకిందులుగా ఒక్కసారే ముంచి ఆడించండి. మౌస్ టిబియాలిస్‌కి 10 సెకన్లు, కాస్త పెద్ద ముక్కైతే 15 నుంచి 20. అంతకుమించి ఉంచితే పగుళ్లు. తీసిన వెంటనే డ్రై ఐస్ మీదకో, మైనస్ 20 చాంబర్‌లోకో మార్చి, అంటుకున్న ఐసోపెంటేన్ ఎగిరిపోనిచ్చి, ముందే చల్లబరచిన ట్యూబులో వేసి మైనస్ 80కి పంపండి. వేలితో ముట్టుకోవద్దు.

జాగ్రత్త ఒకటి: ఐసోపెంటేన్ 28 డిగ్రీలకే మరుగుతుంది. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో సీసా మూత తీస్తే ఆవిరి బుస్సుమని వస్తుంది, నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. ఫ్యూమ్ హుడ్‌లోనే పొయ్యండి, మామూలు ఫ్రిజ్‌లో దాచకండి. నైట్రోజన్ అయితే లీటరు ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు. తలుపులన్నీ బిగించిన చిన్న గదిలో ఈ పని పెట్టుకోవద్దు.

ఇక నిల్వ. మైనస్ 20లో వారం అన్నారు, అక్కడే సగం దెబ్బ. ఆ టెంపరేచర్లో చిన్న స్ఫటికాలు కలిసి పెద్దవవుతూ ఉంటాయి. అది తనంతట తాను మంచు కరిగించుకునే రకం ఫ్రీజరైతే రోజూ వేడెక్కి చల్లబడుతుంటుంది, ఇంకా ఘోరం. మైనస్ 80లోనే పెట్టండి. బ్లాకుకి అల్యూమినియం ఫాయిల్ బిగుతుగా చుట్టి, జిప్ సంచిలో గాలి తీసేసి పెట్టకపోతే నెలల మీద ఎండిపోయి అంచులు తెల్లబడతాయి.

---

బ్లేడు_బ్రష్

పైది బాగా పొడుగైంది, కోత గురించి విడిగా రాస్తున్నా.

లివర్ విరిగిపోవడం చలి ఎక్కువై. ఫిక్స్ చెయ్యని లివర్‌కి మైనస్ 14 నుంచి 16 చాలు. కండరానికి మైనస్ 20 నుంచి 22. ఫిక్స్ చెయ్యని మెదడైతే మైనస్ 12 నుంచి 15. కొవ్వున్న టిష్యూ మాత్రం మైనస్ 30 దాకా పోతేగాని గట్టిపడదు, అందుకే చర్మం కింద కొవ్వుతో వచ్చిన ముక్క అంత ఏడిపిస్తుంది. వీలైతే ఆ కొవ్వు ముందే గీకెయ్యండి.

సెక్షన్ని చూస్తే ఎటు తప్పామో తెలుస్తుంది. పొడిగా రాలుతున్నా, అడ్డంగా పగులుతున్నా, వరుసగా అడ్డచారలు పడుతున్నా చలెక్కువ. ముద్దలా నలిగి బ్లేడుకి అంటుకుంటే చలి తక్కువ. నిలువు గీత ఎప్పుడూ ఒకేచోట వస్తుంటే బ్లేడు అక్కడ గంటు పడింది, లేదా యాంటీరోల్ గాజు (సెక్షన్ చుట్టుకోకుండా బ్లేడు మీద ఉండే ప్లేటు) అంచున చెత్త ఉంది. బ్లేడుని పక్కకి జరపండి, గీత కూడా జరిగితే బ్లేడే. ఒకటి మందంగా, ఒకటి పల్చగా వస్తుంటే ముందు బిగింపులు చూడండి: చక్ స్క్రూ, బ్లేడు హోల్డరు లీవరు, బ్లాకు అడుగు. మిషన్ తప్పనుకునేవాటిలో చాలావరకు ఇక్కడే దొరుకుతాయి.

చాంబర్ చూపించే అంకె బ్లాకు టెంపరేచర్ కాదు. మైనస్ 80 నుంచి తెచ్చిన బ్లాకు కనీసం అరగంట చాంబర్‌లో ఉండాలి, పెద్దదైతే గంట. తెచ్చేటప్పుడు డ్రై ఐస్ డబ్బాలోనే తేవాలి. లివర్ బ్లాకు తొందరలో కొయ్యాల్సొస్తే, చక్రం లాక్ చేసి, బ్లేడు గార్డు వేసి, గ్లౌజు వేసుకున్న బొటనవేలు బ్లాకు ముఖానికి దగ్గరగా రెండు మూడు సెకన్లు పెట్టి తియ్యండి. లాక్ వెయ్యకుండా చెయ్యి లోపల పెట్టేవాళ్లకి కుట్లు తప్పవు. కొత్త బ్లేడు, బ్రష్షులు, ఫోర్సెప్స్ కొయ్యడానికి పావుగంట ముందే లోపల ఉండాలి, వెచ్చటి బ్రష్ తగిలితే సెక్షన్ అక్కడే కరిగి అతుక్కుంటుంది.

చుట్టుకుపోవడానికి కారణం యాంటీరోల్ ప్లేటు. దాని అంచు బ్లేడు అంచుకి సమాంతరంగా, వెంట్రుకవాసి పైకి ఉండాలి. కిందికుంటే సెక్షన్ ప్లేటు మీంచి చుట్టుకుపోతుంది, మరీ పైకుంటే బ్లాకే వచ్చి ప్లేటుకి తగులుతుంది. బ్లేడు యాంగిల్ 3 నుంచి 6 డిగ్రీల మధ్య మొదలుపెట్టి, ఒక్కో డిగ్రీ మారుస్తూ చూడండి. ఒకేసారి రెండు మార్చితే దేనివల్ల బాగైందో తెలీదు.

ఫ్రీజ్ స్ప్రే కొట్టే అలవాటుంటే మానుకోండి. బ్లాకు ముఖం పగులుతుంది. మనిషి టిష్యూ అయితే క్షయ క్రిములు, వైరస్‌లు ఉంటే గాల్లోకి లేస్తాయి.

---

క్రయో_కొత్త

చాలా థాంక్స్ అండి. రెండు సందేహాలు. నైట్రోజన్ మాకు రోజూ రాదు, డ్రై ఐస్‌తో సరిపెట్టుకోవచ్చా? మెదడు ఫిక్స్ చేసిందే కదా, అది ఎందుకు పగులుతోంది?

---

న్యూరో_సెక్షన్

మెదడు గురించి నేను చెప్తాను.

ఫిక్స్ చేసినంత మాత్రాన టిష్యూలోని నీళ్లు ఎక్కడికీ పోవు. ఆ నీళ్లని లాగేసి మంచు స్ఫటికాలు పెరగకుండా చూసే సుక్రోజ్ (పంచదార) మెట్టు మీరు వదిలేశారు. పీఎఫ్‌ఏ తర్వాత (4 డిగ్రీల్లో ఒక రాత్రి చాలు, రోజు దాటితే చాలా యాంటీబాడీలు పట్టవు) ఫాస్ఫేట్ బఫర్‌తో కడిగి, 15 శాతం సుక్రోజ్‌లో, తర్వాత 30 శాతంలో, 4 డిగ్రీల దగ్గర ఉంచండి. 30 శాతం అంటే 30 గ్రాములు బఫర్‌లో కరిగించి మొత్తం 100 మి.లీ. చెయ్యడం, 100 మి.లీ.లో 30 గ్రాములు పోస్తే పల్చనవుతుంది. మెదడు మొదట తేలుతుంది. అడుగుకి మునిగిందాకా ఆగాలి, మౌస్‌కి ఒక్కో దాంట్లో ఒకటి రెండు రోజులు పడుతుంది. గడియారం కాదు, మునగడమే గుర్తు. రోజులు ఎక్కువైతే పంచదార నీళ్లలో బూజు పడుతుంది, 0.02 శాతం సోడియం అజైడ్ వెయ్యొచ్చు. అది విషం, సింకులో పారబొయ్యకండి.

మునిగాక టిష్యూ పేపరుతో పైసుక్రోజ్ తుడిచెయ్యండి. తుడవకపోతే మెదడుకీ ఓసీటీకీ మధ్య జారుడు పొర మిగిలి, కోసేటప్పుడు మెదడు ఒక్కటే ఊడి వస్తుంది. ఓసీటీ, 30 శాతం సుక్రోజ్ సగం సగం కలిపినదాంట్లో గంట ఉంచి, తర్వాత ఉత్త ఓసీటీ. నెమ్మదిగా పొయ్యండి, బుడగలు సూదితో తీసెయ్యండి. బుడగ ఉన్నచోట సెక్షన్ చిరుగుతుంది.

పగలడానికి ఇంకో కారణం నైట్రోజన్‌లో నేరుగా దించడం. బయటి తొక్క ముందు గట్టిపడుతుంది, లోపలి నీళ్లు తర్వాత గడ్డకడుతూ వ్యాకోచిస్తాయి, తొక్క చీలుతుంది. సుక్రోజ్ పట్టిన మెదడుకి అంత చలి అక్కర్లేదు. డ్రై ఐస్‌తో మైనస్ 40, 50కి చల్లబరచిన ఐసోపెంటేన్‌లో మౌల్డుని అడుగు నుంచి మెల్లగా దించండి. డ్రై ఐస్ పొడి మీద మౌల్డు పెట్టినా సరిపోతుంది. మీ మొదటి సందేహానికి కూడా ఇదే జవాబు: మెదడుకి డ్రై ఐస్ చాలు, కండరానికి చాలదు. కండరం రోజుని నైట్రోజన్ వచ్చే రోజుకి కుదుర్చుకోండి. దగ్గర్లో సరఫరా లేకపోతే, పశువుల కృత్రిమ గర్భధారణకి వీర్యం స్ట్రాలు నిల్వ చేసేది నైట్రోజన్‌లోనే కాబట్టి, జిల్లాలో ఆ కేంద్రాలకి పోసే డీలరుని కనుక్కోండి.

కోతకి సుక్రోజ్ పట్టిన మెదడు మెత్తగా ఉంటుంది, మైనస్ 20 నుంచి 22 పెట్టండి. స్లైడు మీదికైతే 12 నుంచి 14 మైక్రాన్లు. బఫర్‌లో తేలించి స్టెయిన్ చేసేటట్టైతే 30 నుంచి 40.

---

పాథ్_టెక్

హెచ్ అండ్ ఈ సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

న్యూక్లియస్‌లు మసకబారడానికి కారణం రాత్రంతా ఆరబెట్టడం. ఫిక్స్ కాని సెక్షన్ గాలికి ఆరుతుంటే కణాలు స్లైడుకి పరుచుకుని ఉబ్బుతాయి, క్రొమాటిన్ వివరం పోతుంది. హెచ్ అండ్ ఈ కోసమైతే సెక్షన్ స్లైడుకి తగిలిన క్షణంలోనే ఫిక్సెటివ్‌లో పడాలి. జారును క్రయోస్టాట్ పక్కనే పెట్టుకోండి. స్లైడు గది వేడిలో ఉండాలి, చల్లటి స్లైడుకి సెక్షన్ అంటదు. ఒక్కసారే తాకించాలి, ఒత్తకూడదు.

నేను వాడే వరుస:

95 శాతం ఆల్కహాల్, 30 సెకన్లు. నల్లా నీళ్లలో పది పదిహేను ముంపులు. ఓసీటీ నీళ్లలో కరుగుతుంది. ఇక్కడ తొందరపడితే మిగిలిన ఓసీటీయే హిమటాక్సిలిన్ పట్టి మీరన్న నీలం పొర అవుతుంది. హారిస్ హిమటాక్సిలిన్, 1 నిమిషం. నీళ్లు. బ్లూయింగ్‌కి (హిమటాక్సిలిన్ నీలంగా మారడానికి) పల్చటి అమోనియా నీళ్లు, కొన్ని ముంపులు. ఎక్కువసేపు ఉంచితే సెక్షన్ లేచిపోతుంది. నీళ్లు బాగా. 95 శాతం ఆల్కహాల్‌లో ఒక ముంపు. ఆల్కహాల్ ఈయోసిన్, 15 నుంచి 20 సెకన్లు. 95 శాతం రెండు జార్లు, ఆబ్సల్యూట్ (నీళ్లు లేని ఆల్కహాల్) రెండు జార్లు, ఒక్కోదాంట్లో పది ముంపులు. జైలీన్ రెండు. డీపీఎక్స్ (మౌంట్ చేసే జిగురు), కవర్‌స్లిప్.

హిమటాక్సిలిన్ రోజూ వడకట్టండి, పైన తేలే మెరుపు తెట్టె స్లైడు మీద నల్ల ముక్కలుగా దిగుతుంది. బోరు నీళ్లు కఠినంగా ఉండే ఊళ్లలో ఆ నీళ్లే క్షార గుణంతో బ్లూయింగ్ చేసేస్తాయి, అమోనియా తగ్గించుకోండి. వానాకాలంలో జైలీన్ పాలలా తెల్లబడితే ఆబ్సల్యూట్ గాల్లో తేమ పీల్చిందని అర్థం. ఆబ్సల్యూట్ మార్చండి, ఆ జైలీన్ కూడా. జైలీన్ ఒక్కటే మార్చి ఊరుకుంటే సాయంత్రానికి మళ్లీ అదే.

లివర్‌లో ఆయిల్ రెడ్ ఓకి పైన చెప్పిన 95 శాతం, ఆబ్సల్యూట్ ఆల్కహాల్‌లు, అసిటోన్, జైలీన్ ఏవీ తగలకూడదు, కొవ్వు కరిగిపోతుంది. 10 శాతం ఫార్మలిన్‌లో 10 నిమిషాలు, నీళ్లు, 60 శాతం ఐసోప్రొపనాల్‌లో ఒకసారి కడిగి, స్టెయిన్ 15 నిమిషాలు. ఐసోప్రొపనాల్‌లో చేసిన స్టాక్ 30 మి.లీ.కి నీళ్లు 20 మి.లీ. కలిపి, 10 నిమిషాలాగి వడకట్టి, గంట రెండు గంటల్లో వాడెయ్యండి. నిలవుంటే ఎర్రటి సూదుల్లాంటి స్ఫటికాలు దిగుతాయి. మళ్లీ 60 శాతం ఐసోప్రొపనాల్, నీళ్లు, హిమటాక్సిలిన్ లేతగా, గ్లిజరిన్ జెల్లీలో మౌంట్. కవర్‌స్లిప్ నొక్కకండి, కొవ్వు బొట్లు జరుగుతాయి.

---

న్యూరో_సెక్షన్

పాథ్_టెక్ గారు చెప్పింది హెచ్ అండ్ ఈకి నూటికి నూరుపాళ్లూ నిజం. కానీ దాన్ని ఇమ్యునోఫ్లోరసెన్స్‌కి పట్టించకండి. లామినిన్‌కి సెక్షన్ అరగంట నుంచి గంట గాలికి ఆరాలి. ఆరకపోతే కడుగుళ్లలో లేచిపోతుంది. ఒకే కండరంలో రెండు పనులకీ రెండు వేర్వేరు దారులు.

ఆరాక మైనస్ 20 అసిటోన్‌లో 10 నిమిషాలు, తీసి ఆరనిచ్చి, పీబీఎస్‌లో (ఉప్పు కలిసిన ఫాస్ఫేట్ బఫర్) ఐదేసి నిమిషాలు మూడుసార్లు. హైడ్రోఫోబిక్ పెన్‌తో చుట్టూ గీసి, 5 శాతం గోట్ సీరంలో గంట (ఇది బ్లాకింగ్, యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అతుక్కోకుండా). ప్రైమరీ (లామినిన్‌ని పట్టే యాంటీబాడీ) 4 డిగ్రీల్లో రాత్రంతా, తడి పేపరు వేసిన డబ్బాలో. సెకండరీ (ప్రైమరీని పట్టే మెరిసే యాంటీబాడీ) చీకట్లో గంట. డాపీ (న్యూక్లియస్‌లకి పట్టే రంగు) 5 నిమిషాలు. చేసిన ప్రతిసారీ సెకండరీ మాత్రమే వేసిన స్లైడు ఒకటి పక్కన ఉండాలి. రాబిట్‌లో తయారైన లామినిన్ యాంటీబాడీ తీసుకోండి; మౌస్ టిష్యూ మీద మౌస్ ప్రైమరీ వాడితే టిష్యూలోని సొంత యాంటీబాడీలకి (ఐజీజీ) కూడా సెకండరీ అతుక్కుంటుంది, దానికి వేరే బ్లాకింగ్ కావాలి.

జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్) ఉన్న మౌస్ అయితే మాత్రం అసిటోన్ వద్దు. ఫిక్స్ చెయ్యని సెక్షన్లోంచి జీఎఫ్‌పీ బఫర్‌లోకి కారిపోతుంది, ముందే పీఎఫ్‌ఏ పట్టించాలి.

మిగిలిన స్లైడులు ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో మూసి మైనస్ 80లో పెట్టండి. తీసినప్పుడు డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తియ్యొద్దు. హైదరాబాద్‌లోనే వానాకాలంలో నిమిషంలో స్లైడు చెమటపడుతుంది, ఇక కోస్తా ఊళ్లలో చెప్పక్కర్లేదు.

---

క్రయో_కొత్త

అన్నీ రాసుకున్నాను. చివరి ప్రశ్న: ఇప్పటికే చేసిన బ్లాకులు పారెయ్యాలా?

---

బ్లేడు_బ్రష్

మెదళ్లు పారెయ్యకండి. కరిగించి, పీబీఎస్‌తో ఓసీటీ కడిగేసి, సుక్రోజ్ మెట్టు నుంచి మళ్లీ చెయ్యండి. ఇప్పటికే పగిలినచోట పగులు ఉంటుంది, మిగతాది పనికొస్తుంది.

లివర్ బ్లాకులు మైనస్ 15లో ఒకసారి కోసి చూడండి. ఆయిల్ రెడ్ ఓకి బహుశా సరిపోతాయి.

కండరంలో చిల్లులున్న బ్లాకుని గది వేడిలో కరిగించి, ఓసీటీ తుడిచి, ఫిల్టరు పేపరుతో బాగా అద్ది, మైనస్ 160 ఐసోపెంటేన్‌లో మళ్లీ గడ్డకట్టిస్తే చిల్లులు చాలావరకు మూసుకుపోతాయి. కండర బయాప్సీల్లోనూ ఈ పని చేస్తారు. ఫైబరు సైజు, లామినిన్ చూడ్డానికి పర్లేదు. ఎస్‌డీహెచ్, సీఓఎక్స్ లాంటి ఎంజైమ్ స్టెయిన్లకీ, ఆర్‌ఎన్‌ఏకీ మాత్రం ఆ బ్లాకుని నమ్మొద్దు. చేసిన బ్లాకు మీద రెండోసారి గడ్డకట్టించినదని మార్కరుతో రాసి పెట్టండి, లేకపోతే ఆరు నెలల తర్వాత దాంతోనే ఎవరో ఎంజైమ్ స్టెయిన్ చేస్తారు.